ఉద్యోగమునకు దరఖాస్తు

పిల్లలు బడికి పోవు వయసు వచ్చిన పిదప మరల ఉద్యోగము చేయదలచు సోదరీమణులు నేడు పెక్కుమంది కలరు. వారికి చదువు కలదు, పూర్వానుభవము కలదు, పని చేయు ఉత్సాహమును కలదు. కాని దరఖాస్తు వ్రాయ కూర్చుండగనే చేయి ఆగిపోవుచున్నది. నడుమ గడచిన ఆరేడు సంవత్సరములకు ఏమి వ్రాయవలయునో తోచదు. కొందరు తేదీలు మార్చి ఆ కాలమును కప్పిపుచ్చుదురు. మరికొందరు తామేమియు చేయలేదని తలచి అసలు దరఖాస్తే పెట్టక యూరకుందురు. ఈ రెండును తగవని మా అభిప్రాయము.

దరఖాస్తునకు జీవితచరిత్ర యంతయు నక్కరలేదు. తమ పనికి ఈమె యెట్లు ఉపకరించునో తెలిసికొనుటకే యజమాని దానిని చదువును. ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావించి 1482 ప్రాంతమున మిలాను నగరమును పాలించుచుండిన లుడొవికో స్ఫోర్జాకు కొలువు కోరుచు ఒక లేఖ సిద్ధపరచెను. ఆ ప్రభువునకు యుద్ధభయము మెండు. కావున లియొనార్డో తాను నిర్మింపగల వంతెనలను, ఫిరంగులను, కోటలను పడగొట్టు ఉపాయములను అంకెలు వేసి ముందుగా తెలిపెను. చిత్రలేఖనము మాట చిట్టచివర మాత్రమే యెత్తెను. ఎదుటివారి అవసరమును ముందుంచుట యనగా నిదియే.

కావున ప్రకటనను రెండుమార్లు చదివి, వారు కోరిన యోగ్యతలలో మీకు నిజముగ నున్నవానిని మొదట వ్రాయుడు. ఒకే కాగితమును అన్ని చోట్లకు పంపకుడు. కడపటి ఉద్యోగము ముందును, తొలి ఉద్యోగము వెనుకను ఉండవలయును. ఒకటి రెండు పుటలు చాలును. "కష్టపడి పనిచేయుదును" అను మాట ఎవరైనను వ్రాయగలరు. "40 మంది పిల్లల తరగతికి మూడేండ్లు గణితము బోధించితిని" అనునది చేసినవారే వ్రాయగలరు.

ఇక నడిమి సంవత్సరముల సంగతి. "2018 నుండి 2024 వరకు పిల్లల పెంపకమునకై ఉద్యోగము మానితిని" అని ఒక్క పంక్తిలో నిజము వ్రాయుడు. ఇందు సిగ్గుపడవలసినది లేదు. తేదీలు మార్చుట ప్రమాదము; పాత యజమాని యిచ్చిన పత్రములు, ప్రావిడెంటు ఫండు ఖాతా ఆ గుట్టు బయటపెట్టును. అట్లని వంటయింటి పనికి "గృహ నిర్వహణాధికారిణి" యని బిరుదు తగిలించుటయు నవ్వులపాలు చేయును. ఆ కాలమున నిజముగ చేసిన పనిని వెదకి చూడుడు. పొదుపు సంఘమునకు లెక్కలు వ్రాసిన సోదరి, సభ్యులెందరో, ఎన్నేండ్లు వ్రాసెనో, బ్యాంకు ఋణపు వాయిదాలు తప్పక చెల్లించిరో లేదో తెలుపవచ్చును. లెక్కల గుమాస్తా పనికి అంతకంటె మంచి సాక్ష్యమేమి? ఇంట ట్యూషన్లు చెప్పుట, కుట్టుపని ఆర్డర్లు తీసికొనుట, కంప్యూటరు నేర్చుకొనుట అన్నియు వ్రాయదగినవే.

మన స్త్రీలకు మరియొక చిక్కు కలదు. మార్కుల పత్రములలో పుట్టినింటి పేరు, ఆధారు కార్డులో అత్తవారింటి పేరు ఉండుట కద్దు. సర్టిఫికెట్లలోనున్న పేరే వ్రాసి, రెండవ పేరును ప్రక్కన సూచించుడు. వివాహ నమోదు పత్రపు నకలు సిద్ధముగ నుంచుకొనుడు. ప్రైవేటు ఉద్యోగమునకు పంపు కాగితములో కులము, మతము, భర్త ఉద్యోగము, ఆధారు సంఖ్య వ్రాయ నక్కరలేదు.

పెద్ద కంపెనీలలో దరఖాస్తులను మొదట కంప్యూటరే వడపోయుట నేడు సామాన్యము. అందుచే పూలచట్రములు, బొమ్మలు మాని, ప్రకటనలోని మాటలను మీకు వర్తించినంతవరకు అట్లే వాడుడు. ఈమెయిలు చిరునామా మీ సొంతము కావలెను. భర్తదో, కుమారునిదో అయిన ఫోను సంఖ్య ఇచ్చినచో వచ్చిన పిలుపు మీ చెవిని పడకపోవచ్చును. పంపుటకు ముందు మరియొకరిచే చదివించి తప్పులు దిద్దుకొనుడు.

ఉద్యోగము వచ్చుట రాకుండుట మన చేతిలో లేదు. చేసిన పనిని చేసినట్లు చెప్పుకొనుట మాత్రము మన చేతిలోనిదే. ఈ మాసమున ఒక మధ్యాహ్నము తీరిక చేసికొని, ఇన్నేండ్లలో మీరు చేసిన పనులన్నియు ఒక కాగితముపై వ్రాసి చూడుడని మా మనవి. ఆ పట్టిక మీరనుకొన్నంత చిన్నదిగా నుండదు.