స్నానపు నీటికి ఏ నిప్పు?

మంచు కురియు దేశములలో ఇల్లు వెచ్చగా నుంచుకొనుట ప్రాణావసరము. మన తెలుగునాట అట్టి అవసరము లేదు. లంబసింగి వంటి మన్యపు పల్లెలలో పుష్యమాసమున చలిమంట వేసికొందురు గాని, గదిని వేడిచేయు యంత్రముతో మనకు పనియే లేదు. మన యిండ్లలో వేడి కావలసినది వంటకును, స్నానపు నీటికిని. వంటచెఱకును గూర్చి అందఱును మాటలాడుదురు. స్నానపు నీటిని గూర్చి ఆలోచించువారు అరుదు. ఇదియు ఆలోచింపదగిన విషయమేయని నా అభిప్రాయము.

నా చిన్నతనమున మా పెరటిలో మూడు రాళ్ళపై ఒక పెద్ద రాగి కాగు ఉండెడిది. దాని అడుగు మసిపట్టి నల్లగా నుండెడిది. అంచును మాత్రము మా అమ్మ చింతపండుతో తోమి మెఱపించెడిది. ఆమె తెల్లవారుజామున లేచి, కందికంపయు కొబ్బరిమట్టలును ఎగదోసి నీళ్ళు కాచెడిది. ఆ నీటికి ఒక విధమైన పొగవాసన యుండెడిది. నేటికిని ఆ వాసనను తలచుకొని మురిసిపోవువారు కలరు. నేను మురియజాలను. ఊదుగొట్టముతో ఊది ఊది ఎఱ్ఱబడిన మా అమ్మ కన్నులు నాకు గుర్తున్నవి. కట్టెలు తడిసిన వానకాలమున ఆమె దగ్గు వీథిలోనికి వినవచ్చెడిది. పొలమున వృథాగా పోవు కంపను కాల్చిన అడవికి నష్టమేమని మీరడుగవచ్చును. అడవికి నష్టము లేదు. కాని పొగ పీల్చువారి ఊపిరితిత్తులను గూడ లెక్కలో వేయవలెను గదా!

తరువాత మా యింటికి కరెంటు గీజరు వచ్చినది. మీట నొక్కిన చాలును. పొగ లేదు, మసి లేదు. ఇంతకంటె శుభ్రమైనది లేదని మేమందఱమును సంతోషించితిమి. కొన్నియేండ్లకు రైలులో పోవుచు ఒక విద్యుత్కేంద్రపు పొగగొట్టములను చూచితిని. మా పెరటి పొగ నశింపలేదనియు, కంటికి దూరమైనదనియు నాకప్పుడు తోచినది. రామగుండము, కొత్తగూడెము, ఇబ్రహీంపట్నములలోని పెద్ద కేంద్రములు బొగ్గుతో నడచునవే. శ్రీశైలమున నీటివలన విద్యుత్తు పుట్టుచున్నది. అనంతపురము వైపు గాలివలనను ఎండవలనను పుట్టుచున్నది. ఐనను దేశమున పుట్టు విద్యుత్తులో సగమునకు పైగా నేటికిని బొగ్గువలననే.

ఇచ్చట ఒక చిన్న లెక్క చేయుదము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4.2 కిలోజౌళ్ళ శక్తి కావలెను. ఒక కుటుంబమువారు దినమునకు 100 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 45 డిగ్రీలవఱకు కాచుకొన్నచో 8,400 కిలోజౌళ్ళగును. ఒక యూనిట్ కరెంటనగా 3,600 కిలోజౌళ్ళు. కావున దినమునకు ఇంచుమించు 2.3 యూనిట్లు. ఇంతటితో లెక్క ముగియలేదు. బొగ్గు మండగా పుట్టిన వేడిలో రమారమి మూడవ వంతు మాత్రమే కరెంటుగా మాఱును. తక్కినది పొగతోను, చల్లార్చు నీటితోను పోవును. ఒక వంతు వేడికై మూడు వంతుల వేడి పుట్టించుచున్నాము! వేయి డిగ్రీలకు మించిన మంటను రగిల్చి, ఆవిరి పుట్టించి, చక్రములు త్రిప్పి, తీగలవెంట తెచ్చి, తుదకు గోరువెచ్చని నీటికై వాడుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము కాదా?

ఆ గోరువెచ్చదనమునకు మన యెండ చాలును. వేసవి మధ్యాహ్నమున కుళాయి త్రిప్పగా చేయి చుఱుక్కుమననివారు మీలో నెవరైన కలరా? 1767 లో జెనీవా నగరపు సొస్యూర్ అను శాస్త్రజ్ఞుడు గాజుపలకలు మూసిన పెట్టెను ఎండలో నుంచి, దానిలో నీరు మరుగు వేడిని మించిన వేడిని పుట్టించెను. 1891 లో అమెరికాలో క్లారెన్స్ కెంప్ అను నతడు ఎండతో నీళ్ళు కాచు పరికరమునకు పేటెంటు పొందెను. నేటి మేడలమీది సోలారు హీటరు ఆ వంశమునకు చెందినదే. నల్లని పూత పూసిన రేకు, దానికంటిన రాగి గొట్టములు, పైన గాజు. వేడెక్కిన నీరు తేలికయై తనంతట పైకెక్కి తొట్టిలో చేరును; చన్నీరు క్రిందికి దిగును. పంపు అక్కఱలేదు.

దీనియందు లోపములు లేవని నేననను. మొదట పెట్టవలసిన సొమ్ము ఎక్కువ. మా మేడమీది హీటరు మూడవయేట మొండికెత్తినది. తప్పు సూర్యునిది కాదు, మా బోరునీటిది. గొట్టములనిండ సుద్దవంటి పొర పేరుకొన్నది. అట్టి నీరున్నచోట గాజుగొట్టముల హీటరు మేలు. మేడనుండి వేన్నీళ్ళు దిగివచ్చులోపల ఒక బకెట్టు చన్నీళ్ళు వచ్చును. వానిని పారబోయక బట్టలుతుకుటకు ఉంచవలెను. కొందఱు హీటరులోని కరెంటు కడ్డీని ఏడాది పొడవున ఆపనే ఆపరు. అట్టివారికి సోలారు ఉన్నను లేకున్నను ఒకటే.

అద్దె యిండ్లవారికి మేడపై హక్కుండదు. వారిని నిందించుట తగదు. నిందింపదగినవారు, మేడ తమదై, యెండ తమదై, సొమ్ము గలిగియు, క్రొత్త యింటికి గీజరులే బిగించుకొనువారు.

ముసురు పట్టిన దినములలో మా యింట నేటికిని రాగి కాగునే పొయ్యి కెక్కించుదుము. ఆ దినములు ఏటికి పదియో పదునైదో. అప్పుడు ఊదుగొట్టము పట్టుట నా వంతు.