ఎస్కలేటర్ ప్రమాదానికి ముందు జవాబు చెప్పాల్సింది యజమానే

మాల్‌కి, మెట్రోకి, రైల్వే స్టేషన్‌కి, నాలుగంతస్తుల చీరల షోరూమ్‌కి వెళ్లే అందరికీ విన్నపం.

ఎస్కలేటర్ పళ్లలో చీర కుచ్చిళ్లు చిక్కుకుంటాయి. పిల్లాడి కాలివేళ్లు నలుగుతాయి. ఎక్కుతున్న మెట్లు ఉన్నట్టుండి వెనక్కి జారి జనం ఒకరి మీద ఒకరు పడతారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ కుటుంబానికి రెండో కష్టం మొదలవుతుంది. ఖర్చు ఎవర్ని అడగాలి? మాల్ వాళ్లు "మెయింటెనెన్స్ వేరే కంపెనీది" అంటారు. ఆ కంపెనీ "మిషన్‌లోనే లోపం ఉంది, తయారు చేసినవాళ్లని అడగండి" అంటుంది. తయారు చేసినవాళ్లు "వారంటీ అయిపోయింది, వాళ్లు సరిగా వాడలేదు" అంటారు. ఆఖరికి ముగ్గురూ కలిసి "చూసుకుని ఎక్కాల్సింది మీరే" అని తేలుస్తారు.

మేం అడుగుతున్నది ఒక్కటే. ఎస్కలేటర్ మీద మనిషి గాయపడితే పరిహారం మొదట ఆ ఎస్కలేటర్ యజమాని చెల్లించాలి. తప్పు ఎవరిదో ఆ తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు ఈ మాటను చట్టంలో రాయాలి.

"మీరే చూసుకోవాల్సింది" అన్న మాట ఎందుకు చెల్లదో చెప్పాలంటే ముందు ఆ యంత్రం గురించి చెప్పాలి. మెట్టుకీ పక్క పలకకీ మధ్య సందు ఒక్కోవైపు 4 మిల్లీమీటర్లు దాటకూడదని యూరప్ ప్రమాణం చెబుతుంది. 4 మిల్లీమీటర్లను కంటితో కొలిచి ఎక్కే మనిషి ఉండడు. గొలుసు సాగిందా, బ్రేకు అరిగిందా, చేతికింది బెల్టు మెట్లతో సమానంగా కదులుతోందా, చివర దువ్వెనలాంటి పళ్లలో రెండు విరిగాయా అన్నవి మెకానిక్ పలక విప్పి చూస్తే తెలిసే సంగతులు. టికెట్ చేతిలో పట్టుకుని, చంకలో పిల్లని ఎత్తుకుని ఎక్కే తల్లికి అవి తెలిసే దారి లేదు. 2015 జులైలో చైనాలోని జింగ్‌జౌలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఎస్కలేటర్ పైచివర అడుగుపెట్టే పలకే కూలింది. దాని మీదున్న ఒక తల్లి బిడ్డను పైకి తోసి కాపాడి, తను లోపలికి పడి చనిపోయింది. ఆమె ఏం చూసుకుని ఉండాల్సింది?

అంతకు నాలుగేళ్ల ముందు, 2011 జులైలో, బీజింగ్‌లోని ఒక మెట్రో స్టేషన్‌లో పైకి వెళ్తున్న ఎస్కలేటర్ వెనక్కి తిరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. ఎస్కలేటర్లు, లిఫ్టుల వంటి యంత్రాల భద్రత కోసం చైనా చేసిన ప్రత్యేక చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర, 2022 ఆగస్టులో, స్వాతంత్ర్య వజ్రోత్సవాల సందర్భంగా గాంధీ సినిమా చూడటానికి బంజారాహిల్స్‌లోని ఒక మల్టీప్లెక్స్‌కి వెళ్లిన స్కూలు పిల్లలు ఎస్కలేటర్ మీద పడి గాయపడ్డారు. పండగ పూట షోరూముల్లో ఎంత రద్దీ ఉంటుందో, మొదటిసారి ఎస్కలేటర్ ఎక్కే పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారో మనందరికీ తెలుసు.

ఇప్పుడున్న చట్టాల్లో దారులు లేకపోలేదు. యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో శిక్ష ఉంది. కానీ ఎవరికో జైలు పడినంత మాత్రాన మన ఆసుపత్రి బిల్లు తీరదు. సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు, కానీ కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు. వినియోగదారుల కమిషన్ కొంత నయం. 2019 చట్టం ప్రకారం మనం చెల్లించిన ధరను బట్టి ఏ కమిషన్‌కి వెళ్లాలో నిర్ణయిస్తారు. కోరే పరిహారం ఎంతన్నది దానికి లెక్క కాదు. అందువల్ల సినిమా టికెట్‌తో వెళ్లి గాయపడ్డవాళ్లు తాము ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే, ఫీజు లేకుండా, రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు.

కానీ టికెట్ లేనివాళ్ల సంగతేమిటి? ఊరికే చూద్దామని మాల్‌కి వెళ్లినవాళ్లు, అక్కడ పనిచేసే కూతురికి క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన తల్లి ఏమీ కొనలేదు కాబట్టి వినియోగదారులే కాదని అవతలివాళ్ల వకీలు వాదిస్తాడు. రైల్వే స్టేషన్‌లో మరో తిరకాసు. రైలు నుంచి జారిపడితే తప్పెవరిదని అడక్కుండా పరిహారమిచ్చే ఏర్పాటు రైల్వే చట్టంలో ఉంది. 2017 నుంచి ప్రాణం పోతే 8 లక్షలు. అదే ప్రయాణికుడు అదే స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద పడితే ఆ ఏర్పాటు వర్తించదు. రోడ్డు మీద వాహనం గుద్దితే తప్పు నిరూపించకుండానే ప్రాణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు మోటారు వాహనాల చట్టం ఇస్తుంది. ఆ డబ్బు వచ్చేలా వాహనానికి బీమా కూడా తప్పనిసరి చేసింది. జనాన్ని మోసే యంత్రమే కదా ఎస్కలేటర్ కూడా. దానికి ఆ నియమం ఎందుకు లేదు?

మేం కొత్త వింతేమీ అడగడం లేదు. ఢిల్లీ చాందినీచౌక్‌లో పాత గడియార స్తంభం కూలి మనుషులు చనిపోతే, "లోపం బయటికి కనబడలేదు" అని మున్సిపల్ కార్పొరేషన్ వాదించింది. 1966లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. జనం నడిచే దారి పక్కన కట్టడం ఉంచుకున్న యజమానికి దాన్ని సరిగా చూసుకునే బాధ్యత ఉంటుందని, లోపం కనబడేదైనా కనబడనిదైనా తప్పించుకోలేడని చెప్పింది. 2019లో, హోటల్ సిబ్బందికి తాళం అప్పగించిన కారు పోయిన కేసులో, "యజమాని రిస్కు మీద" అని చీటీ మీద అచ్చేసుకున్నంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుంచి హోటల్ బయటపడదని అదే కోర్టు తేల్చింది. న్యాయం ఏ వైపు ఉందో కోర్టులు చెప్పాయి. కానీ ఒక్కో కుటుంబం ఒక్కోసారి అంత దూరం వెళ్లి గెలవలేదు. అందుకే దాన్ని చట్టంగా రాసిపెట్టాలి.

ఉత్తరప్రదేశ్ 2024లో లిఫ్టులు, ఎస్కలేటర్ల చట్టం తెచ్చి బీమాను తప్పనిసరి చేసింది. కర్ణాటక, తమిళనాడు, కేరళ, మహారాష్ట్రలకూ సొంత చట్టాలున్నాయి. మనం కోరే చట్టంలో రిజిస్ట్రేషన్, ఏటా తనిఖీ ఎలాగూ ఉంటాయి, ఉండాలి. మేం పట్టుబట్టేది ఈ కింది మాటల కోసం. తప్పు నిరూపణ లేకుండా ముందస్తు పరిహారం, దానికి బీమా, గాయపడ్డ మనిషి దగ్గర బిల్లు ఉన్నా లేకపోయినా ఒకే హక్కు. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రమాదం జరిగిన గంట నుంచి సీసీ కెమెరా ఫుటేజీ, మెయింటెనెన్స్ లాగ్ బుక్ భద్రపరచాలి. భద్రపరచకపోతే నిర్లక్ష్యం జరిగినట్టే కోర్టు భావించాలి. సాక్ష్యమంతా అవతలి వాళ్ల బీరువాలో ఉన్నప్పుడు నిరూపించే భారం మన మీద వేయడం అన్యాయం.

యజమానులకి ఖర్చు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు ఆ ఖర్చు మోస్తూనే ఉన్నారు. ఆటో నడుపుకునే తండ్రి అప్పు చేసి కొడుకు కాలికి ఆపరేషన్ చేయిస్తున్నాడు. సరిగా చూసుకునే యజమానికి బీమా ప్రీమియం భారం కాదు. చూసుకోని యజమానికి భారం కావాలనే మా ఉద్దేశం. ఎవరో కావాలని ఎస్కలేటర్ మీద ఆటలాడి పడితే? ఫుటేజీ ఉంటుంది కాబట్టి అదీ తెలుస్తుంది. చిన్నపిల్లల మీదికి మాత్రం ఆ నేరం తోయకూడదు.

చట్టం వచ్చేదాకా ఇవి గుర్తుంచుకోండి. ఎస్కలేటర్ కింద, పైన ఎర్ర బటన్ ఉంటుంది. ఎవరైనా చిక్కుకుంటే మొదట దాన్ని నొక్కండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లలకి మెత్తటి రబ్బరు చెప్పులుంటే ఎత్తుకోండి, అలాంటివి లోపలికి లాక్కుపోతాయని జపాన్‌లో ఎప్పుడో తేలింది. గాయమైతే ఫొటోలు తీయండి, టికెట్, పార్కింగ్ చీటీ, బిల్లు ఏది ఉన్నా పారేయొద్దు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయించండి, పోలీసులకి ఫిర్యాదివ్వండి. ఫుటేజీ చెరపొద్దని మేనేజర్‌కి అదే రోజు కాగితం మీద రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. మందుల ఖర్చు ఇస్తామంటూ "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం ముందు పెడితే సంతకం చేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఉచిత న్యాయసహాయం 15100. స్త్రీలకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఆ సహాయం అందుతుంది.

ఈసారి మీ ఎమ్మెల్యే మీ వీధికి వచ్చినప్పుడు ఈ కాగితం చేతిలో పెట్టి, ఎస్కలేటర్ చట్టంలో "మొదట యజమాని చెల్లించాలి" అన్న మాట ఉండాలని అడగండి. అవునో కాదో అక్కడే, నలుగురి ముందూ చెప్పమనండి.