తంటెమును కసివిందయు

దానంతట మొలచినది శుద్ధమనియు, వైద్యగ్రంథములలో పేరున్న మూలిక నిర్దోషమనియు నొక వాదము చదువుకొన్న గృహములలో నీనడుమ ప్రబలుచున్నది. ఈ రెండు మాటలను మేము ఖండించుచున్నాము.

తొలివానలకు నడిగూడెము బాటల ప్రక్కను, చెలక గట్లపైనను తంటెము మొలచును. దాని లేతాకు కూలివారి యిండ్లలో కూర. అట్టి తావులనే కసివిందయు పెరుగును. రెంటికిని పసుపు పూలే. వాసననుబట్టి తేల్చుదమన్న, నలిపినచో రెండును కంపుకొట్టును. తంటెపు రెమ్మకు మూడు జతల ఆకులు, కొనలు గుండ్రము. కాయ సన్నగా కొడవలివలె వంగియుండును. కసివిందకు నాలుగైదు జతలు, కొనలు మొనదేరును, కాయ బల్లపరుపు. కాని కూరకు గిల్లునది లేతమొలకను గదా! అప్పటికి పూవును లేదు, కాయయు లేదు. ఆకుకొనను చూడనేర్చినవారికే గుర్తు దొరకును.

సంస్కృతమున తంటెము చక్రమర్దము, కసివింద కాసమర్దము. దగ్గును హరించునది విషమెట్లగునని కొందరు పండితులు మమ్ము ప్రశ్నించుచున్నారు. వత్సనాభియు నౌషధమే, శుద్ధిచేయక దానిని నోటబెట్టు వైద్యుడెవడు?

పశ్చిమోత్తరప్రదేశమున పసిపిల్లలకు కాలేయము, కండరములు, మెదడు నొక్కసారిగా చెడి మరణములు కలుగుటకు కసివింద గింజలే హేతువై యుండునని శిశువైద్యులు 2007లో ప్రకటించిరి. తొమ్మిదేండ్లకు, 2016లో, మన మన్యమునకు పొరుగుననున్న మల్కనగిరిలో నూరుమంది వరకు పిల్లలు చనిపోయిరి. తొలుత మెదడువాపు జ్వరమనిరి. కొందరియం దదియు కలదు. తక్కిన పెక్కుమరణములకు కసివిందయే కారణమని పరిశోధకులు తేల్చిరి. ఎరిగిన సంగతి ఇంగ్లీషు వైద్యపత్రికలలోనే నిలిచిపోయెను. పిల్లల తల్లులకు చేరలేదు.

శాస్త్రమును తెలుగున చెప్పవలెనని 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిన కొమర్రాజు లక్ష్మణరావుగారు ఈ మునగాల సంస్థానపు దివానుగారే. ఆయన నడచిన యూర నేటి విద్యార్థి పుష్పభాగముల పేర్లన్నియు అప్పజెప్పును; బడిగోడ ప్రక్కనున్న మొక్క పేరడిగిన తెల్లబోవును. ఆ మొక్కను చూపగలిగిన కలుపుకూలి స్త్రీని బడిలోనికి రానిత్తుమా? పస్తాపురమున దక్కను డెవలప్‌మెంట్ సొసైటీవారు సాగుచేయని ఆకుకూరలను గూర్చి యట్టి స్త్రీలనే అడిగి తెలిసికొనిరి. వారికి తెలియనిది లేదనుట మా వాదము కాదు. మల్కనగిరి తల్లులు అడవి నెరుగనివారు కారు. వారి కన్నును, వైద్యుని మాటయు నొకచోట చేరవలెను. వానకాలమున వారమునకొక పూట అట్టి స్త్రీ నొకతెను బడికి పిలిచి, పూటకూలి యిచ్చి, గట్టుమీదనే పాఠము చెప్పింపవలెను. ఉపాధ్యాయుడును పిల్లల వరుసలోనే కూర్చుండవలెను.