సీమోను పేరు వెంట మిగిలిన మాట

బేతనియలో సీమోను తన ఇంట విందు చేసినప్పుడు కూడ, మార్కు 14వ అధ్యాయములో అతని పేరు ముందు కుష్ఠరోగి అనే మాటే ఉన్నది. నలుగురిని భోజనానికి కూర్చుండబెట్టినవాడు స్వస్థపడియే ఉంటాడని మేము తలంచుచున్నాము. రోగము పోయినది, మాట పోలేదు.

మన పల్లెలలోనూ అంతే. మందులు పూర్తిగా వాడి బాగుపడినవానిని సయితం "పెద్దరోగపాయన" అంటాము. కోపము వస్తే పిల్లలను ఆ రోగము పేరుతోనే తిడతాము. ఆ తిట్లు వింటూ పెరిగిన పడుచుకు ఒంటిమీద స్పర్శలేని మచ్చ కనబడితే ఏమి చేస్తుంది? పైట కప్పుకుంటుంది. ఆలస్యమైనకొద్దీ నరములు చెడి వేళ్లు వంకరపోతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితమే; జబ్బు రకమునుబట్టి 6 నెలలు, లేక 12 నెలలు.

ఇది శాపము కాదు. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. లేవీయకాండము 13, 14 అధ్యాయములలో ఆ మాట బట్టలకు, ఇంటి గోడలకు కూడ వాడబడినది గనుక అక్కడ చెప్పినదంతా నేటి ఈ జబ్బే అనుకోనక్కరలేదు. పాపమునకు దీనిని పోల్చి ప్రసంగించే సేవకులు ఒకసారి వెనుక వరుస వైపు చూడవలెను.

ఈ జబ్బును కారణముగా చూపి విడాకులు కోరే వీలును 2019లో పార్లమెంటు తీసివేసినది, క్రైస్తవ వివాహములకు కూడ. చట్టము మారినది గాని వీధి అరుగు మీద మాట మారలేదు.

మరి ఏమని పిలవాలి అని కొందరు అడుగుతారు. యోహాను అయితే యోహాను గారు. వరుస ఉంటే బాబాయి, పెద్దమ్మ.