జాజ్ రికార్డు - రఫ్ బుక్కు

జాజ్ అభిమానులు నలుగురు చేరితే తగువు తప్పదు. "నీకు నచ్చిన ఆల్బమేది?" అన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఒకరు మైల్స్ డేవిస్ 1959లో చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' అంటారు. ఇంకొకరు జాన్ కోల్‌ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' అంటారు. ఇంతలో మూడో ఆయన లేచి, "అదంతా స్టూడియో సరుకండీ! అసలు జాజ్ కావాలంటే పాత కచేరీల టేపులు వినాలి" అని తీర్పు చెప్పేస్తాడు. మా హాస్టల్లోనూ ఇదే రగడ.

నా మట్టుకు నాకు ఈ పేచీయే అర్థం లేనిదనిపిస్తుంది. సైన్సు విద్యార్థిని గనుక ఆ భాషలోనే చెబుతాను. ల్యాబులో మనకు రెండు పుస్తకాలు. కొట్టివేతలతో, ఆసిడ్ మరకలతో ఉండే రఫ్ బుక్కు ఒకటి. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చే రికార్డు మరొకటి. మార్కులు రికార్డుకే. కాని ప్రయోగం నిజంగా ఎలా జరిగిందో తెలియాలంటే రఫ్ బుక్కే చూడాలి. ఆల్బమ్ ఆ రికార్డు వంటిది. కచేరీ టేపు రఫ్ బుక్కు వంటిది.

'ఎ లవ్ సుప్రీమ్'నే తీసుకోండి. 1964 డిసెంబరులో స్టూడియోలో వాయించినది సుమారు 33 నిమిషాలు. ఎక్కడా ఒక్క స్వరం ఎక్కువైనట్టు తోచదు. అదే రచనను 1965 అక్టోబరు 2న సియాటిల్ నగరంలోని ఒక క్లబ్బులో, మరింత పెద్ద బృందంతో వాయిస్తే గంటంపావు పట్టింది. ఆ టేపు 2021లో గాని ఆల్బమ్‌గా రాలేదు. డ్రమ్ముల హోరులో శాక్సఫోన్ అక్కడక్కడ వెనకబడుతుంది, నిజమే. అయితేనేం? పూర్తయిందని మనమనుకున్న రచనను పట్టుకుని పది నెలల్లో ఆయన ఎంత దూరం పోయాడో అది చెబుతుంది.

రఫ్ బుక్కు దాచడం ఎంత అవసరమో న్యూపోర్ట్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. 1956 జూలై 7 రాత్రి అక్కడి జాజ్ ఉత్సవంలో, డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలోని పాల్ గొన్సాల్వెస్ శాక్సఫోన్ మీద ఏకబిగిన 27 ఆవర్తాలు వాయించి జనాన్ని ఉర్రూతలూగించాడు. కాని ఆయన నిలబడింది రికార్డు కంపెనీ మైకు ముందు కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో వారి మైకు ముందు! పైగా ఆ ఏడు వచ్చిన ఆల్బములో చాలా భాగం తర్వాత స్టూడియోలో వాయించి, చప్పట్లు అతికించినదే. రేడియో వారి టేపు మిగిలి ఉండబట్టి, 1999లో రెండింటినీ జోడించి అసలు కచేరీని వినిపించగలిగారు.

ఆ రేడియో వారే 1957 నవంబరు 29న కార్నెగీ హాలులో థెలోనియస్ మంక్, కోల్‌ట్రేన్ కలిసి వాయించినది కూడా పట్టారు. ఆ టేపులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2005లో బయటపడ్డాయి. దాదాపు 48 ఏళ్లు మరుగున ఉన్నా ఎవరూ పారెయ్యలేదు. నా దృష్టిలో అదీ గొప్ప.

మాది వ్యవసాయ కుటుంబం. పండిన వడ్లన్నీ మిల్లుకు తోలం. విత్తనానికని కొన్ని బస్తాలు విడిగా దాస్తాం. తెల్లటి బియ్యం అన్నానికి బాగుంటుంది గాని మొలకెత్తదు కదా! కనుక ఆల్బములు విందాం, టేపులూ దాద్దాం. వాటిని విడుదల చేసేవారికి నా మనవి ఒక్కటే: ఎక్కడ కత్తిరించారో, ఎక్కడ అతికించారో అట్టమీద అచ్చు వెయ్యండి. చప్పట్ల సంగతి మాకు వదిలెయ్యండి.