బండి మీద దింపి వచ్చిన స్నేహితుడు

పర్ణశాలకు వచ్చే యాత్రికులకు వాగు దగ్గర రాళ్ల మీద సీత నారచీర ఆరేసుకున్న గుర్తులు చూపిస్తారు. ఎత్తుకుపోయినవాడి కంటే ఆమె గీత దాటిన ముచ్చటే ఎక్కువ చెప్పుకుంటారు. (ఆ గీత వాల్మీకిలో లేనే లేదు.) నేరం ఎవరు చేసినా ముందు ఆడదాని తప్పు వెతకడం మనకంత అలవాటు. ఈ మధ్య అక్కడే కొందరు కార్యకర్తలతో కలిసి ‘ది లాంగ్ గుడ్‌బై’ సినిమా చూసినప్పుడు ఈ సంగతి మళ్లీ మనసులో మెదిలింది.

రేమండ్ చాండ్లర్ ఈ నవలను 1953లో ప్రచురించాడు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని దొంగచాటుగా చదువుకున్న మా తరానికి, చాండ్లర్ డిటెక్టివ్ ఫిలిప్ మార్లో దూరపు చుట్టమే. 1973లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దాన్ని సినిమాగా తీశాడు. స్క్రీన్‌ప్లే రాసింది లీ బ్రాకెట్ అనే రచయిత్రి.

ఒక అర్ధరాత్రి స్నేహితుడు టెర్రీ లెనాక్స్ ముఖం మీద గీరలతో మార్లో ఇంటికి వస్తాడు. మెక్సికో సరిహద్దు దాకా దింపమంటాడు. మార్లో పెద్దగా ఏమీ అడగకుండా కారు తీస్తాడు. తిరిగి వచ్చాక పోలీసుల ద్వారా తెలుస్తుంది, టెర్రీ భార్య సిల్వియాను కొట్టి చంపారని. నా స్నేహితుడు అలాంటివాడు కాదంటాడు మార్లో. సినిమా అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

నవలలో ఆ నమ్మకమే నిజమవుతుంది. చంపింది ఐలీన్ వేడ్ అనే మరో స్త్రీ. అసూయతో రగిలే అందగత్తె నేరకథలకు ఎప్పుడూ అక్కరకొచ్చే పాత్ర. సినిమాలో మాత్రం చంపింది భర్తే. ఈ మార్పు చాండ్లర్ అభిమానులు చాలామందికి కోపం తెప్పించింది. మనకెందుకు కోపం? ఇంట్లో చచ్చిపడిన ఆడవాళ్ల కేసులు చూసిన మనకు నవల కంటే సినిమాయే తెలిసిన కథ.

అయినా నాకు తృప్తి కలగలేదు. చివర్లో మార్లో టెర్రీని కాల్చేస్తాడు. సిల్వియా కోసం మాత్రం కాదు, తనను వాడుకున్నందుకు. ఇది ఇద్దరు మగవాళ్ల లెక్క. మధ్యలో ఒక రౌడీ మార్లోను బెదిరించడానికి తన ప్రియురాలు జో ఆన్ ముఖం మీద కూల్‌డ్రింకు సీసా పగలగొడతాడు. ప్రేమించినదానికే ఈ గతి పడితే నీ సంగతేమిటన్నది అతని బెదిరింపు. దెబ్బ ఆమెకి, హెచ్చరిక అతనికి. తర్వాత ముఖానికి కట్లతో కనిపించే ఆ పిల్ల ఏమైందో ఎవరికీ పట్టదు.

సినిమా అయ్యాక మా చర్చ మొత్తం ఆ కారు దగ్గరే ఆగిపోయింది. మన దగ్గర సరిహద్దు మెక్సికో అంత దూరం కూడా కాదు. చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. 2014 నుంచి భద్రాచలం పక్కనున్న ఎటపాక కూడా వేరే రాష్ట్రం. ఒక మోటారు సైకిలు, ఒక నమ్మకస్తుడైన దోస్తు చాలు. మనం అత్తనీ ఆడపడుచునీ వంద ప్రశ్నలు అడుగుతాం. దోస్తును సాక్షిగా కూడా పిలవం, ‘మంచోడే, స్నేహితుడి కోసం చేశాడు’ అని వదిలేస్తాం. నేరం చేశాడని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ, శిక్ష తప్పించడానికి ఆశ్రయమిస్తే అదీ నేరమే. పాత శిక్షాస్మృతిలో 212వ సెక్షన్ ఈ మాటే చెప్పింది. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఇది ఉంది. ఈ విషయంలో భార్యాభర్తలకు మినహాయింపు ఉంది కానీ, స్నేహితులకు లేదు. తెలియదని బుకాయించవచ్చు. మరి ముఖం మీద గోళ్ల గీరలు చూశాక కూడానా?

నిజనిర్ధారణకు వెళ్లేటప్పుడు మేం వాడే ప్రశ్నావళిని ఆ సాయంత్రమే తిరగేశాను. భర్త, అత్తమామలు, కట్నం, తాగుడు, అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి అతన్ని ఎవరు ఎక్కడ దింపారన్న ప్రశ్న లేదు. పెన్నుతో కింద రాశాను.