మాలిక్ జేబు వేరు, కంపెనీ ఖజానా వేరు

'1830' అని ఒక బోర్డు ఆట ఉంది. ఫ్రాన్సిస్ ట్రెషమ్ తయారుచేశాడు, 1986లో అవలాన్ హిల్ కంపెనీ తెచ్చింది. అమెరికా ఈశాన్య భాగం నక్షా, దాని మీద పెన్సిల్వేనియా, ఎరీ, న్యూయార్క్ సెంట్రల్ లాంటి రైలు కంపెనీలు. పాచికలు లేవు, కిస్మత్‌కి జగా లేదు. ఖాయిదాలు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. చాల్ మాత్రం నాకు ఇన్ని బాజీలు ఆడినా చిక్కడం లేదు.

దోస్తులు 'హిసాబ్ రావాలి భాయ్' అంటారు. నేనొప్పుకోను. ఆ కూడికలు, తీసివేతలు కిరాణా కొట్టు నడిపే ఎవరికైనా వస్తాయి. ముష్కిల్ వేరే చోట ఉంది. రైలు ఆట అనగానే దిల్ పట్టాల మీదికి పోతుంది. మంచి దారి వేద్దాం, పెద్ద షహర్లు కలుపుదాం అనిపిస్తుంది. ఆఖర్న లెక్కపెట్టేది మాత్రం ఆటగాడి చేతిలో నగదు, అతని షేర్ల ధర. అంతే. కంపెనీ ఖజానాలో ఎంత దౌలత్ మూలుగుతున్నా అది ఎవరి లెక్కలోకీ రాదు!

60 శాతం షేర్లు అమ్ముడైతే కంపెనీ మొదలవుతుంది. ఎక్కువ షేర్లున్నవాడే ప్రెసిడెంట్. మునాఫా పంచితే షేరు ధర పెరుగుతుంది, ఖజానాలో దాచుకుంటే తగ్గుతుంది. ఇంతవరకూ సాఫ్‌గానే ఉంటుంది. తర్వాత రైళ్లు చావడం మొదలవుతుంది. ఎవడో మొదటి 4 నంబరు రైలు కొన్న క్షణంలో బోర్డు మీదున్న 2 నంబరు రైళ్లన్నీ తుక్కు. 6 వస్తే 3లు పోతాయి, డీజిల్ వస్తే 4లు. కంపెనీకి దారి ఉండి రైలు లేకపోతే, ఖజానా ఖాళీ అయితే, ప్రెసిడెంట్ సొంత జేబులోంచి కొనాలి. డీజిల్ ఖరీదు 1100 డాలర్లు. షేర్లు అమ్ముకున్నా చాలకపోతే అతను దివాలా, ఆట అక్కడికక్కడే ఖతం.

ఇప్పుడు నా కింద రెండు కంపెనీలున్నాయనుకోండి. పాతదాని రైలుని కొత్తదానికి ఒక్క డాలర్‌కి అమ్మొచ్చు. జాయజే. ఆ తర్వాత పాత కంపెనీ షేర్లు బజారులో పారేస్తాను. నా మీద భరోసాతో అందులో రెండు షేర్లు కొన్న దోస్తు చుప్‌చాప్‌గా ప్రెసిడెంట్ అయిపోతాడు, రైలు లేని కంపెనీకి.

ఇదేం ఖయాలీ సంగతి కాదు. 1868లో వాండర్‌బిల్ట్ ఎరీ షేర్లు కొంటూ పోతుంటే డ్రూ, గౌల్డ్, ఫిస్క్ ముగ్గురూ కొత్త షేర్లు అచ్చేసి బజారులోకి వదిలారు, అరెస్టు భయంతో న్యూజెర్సీకి పారిపోయారు. ఆ రైళ్లెక్కే ముసాఫిర్ల గోల ఎవరికీ పట్టలేదు. ఈ ఆటలోనూ ముసాఫిర్ బొమ్మ ఒక్కటీ లేదు, గమనించారా?

అందుకే కొత్తవాడికి పట్టాలు వేయడం కాదు, షేర్ల బోర్డు ముందు చూపించాలంటాను. దోస్తుని ఖాయిదా ప్రకారం ముంచడం బేయిమానీ కాదు. అలా ముంచొచ్చని చెప్పకుండా, 'ఆడుతూ నేర్చుకుంటాడులే' అని నవ్వుతూ కూర్చోబెట్టడం బేయిమానీ. మొదటి బాజీలోనే మునిగినవాడు మళ్లీ రాడు, ఐదారు గంటల ఆటకి మనుషులు దొరకడమే కష్టం.

నాకింకా అందనిది వక్త్. 3 నంబరు రైళ్లు రెండు మిగిలుండగానే షేర్లు పారేస్తే రావాల్సిన మునాఫా పోతుంది. ఇంకో రౌండు సబర్ చేద్దామంటే నా ముందు వంతువాడు తన షేర్లమ్మి ధర పడగొడతాడు. వాడి చెయ్యి ఎప్పుడు కదులుతుందో ఏ హిసాబ్ చెప్తుంది?